గొంతులోకి పైపు ఆలస్యంగా వేయడమే మా నాన్నగారి ప్రాణం తీసిందా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. గత నెలలో ఒకరోజు తెల్లవారుజామున వసారాలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ ఒక్కసారిగా పక్కకు ఒరిగిపోయారు. పిలిస్తే పలకలేదు. అయితే గురక పెట్టినట్టుగా మధ్య మధ్య గట్టిగా ఊపిరి తీస్తూ ఉండటంతో ప్రాణానికి ప్రమాదం లేదనుకుని నవారు మంచం మీద పడుకోబెట్టాం. అమ్మ ఆయన నోట్లో రెండు మూడు చెంచాల నీళ్లు పోసింది. పావుగంటకు అంబులెన్సు వచ్చింది. టెక్నీషియన్ నాన్నను నేల మీదికి దించి ఛాతీ నొక్కాడు, రెండుసార్లు షాక్ ఇచ్చాడు, ముఖానికి మాస్కు పెట్టి బ్యాగుతో గాలి కొట్టాడు. కాసేపటికి నోట్లో మెత్తటి ప్లాస్టిక్ సాధనం ఒకటి అమర్చాడు. పైపు మాత్రం వేయలేదు. ఆసుపత్రిలో కూడా మేం వెళ్లిన పది నిమిషాలకు గాని పైపు వేయలేదు. నాన్న మాకు దక్కలేదు. విదేశంలో నర్సుగా పనిచేస్తున్న మా మేనత్త కూతురు ‘వెంటనే పైపు వేసి ఉంటే మామయ్య బతికేవాడు’ అంటోంది. అమ్మేమో తాను పోసిన నీళ్లే ఊపిరికి అడ్డుపడ్డాయని కుమిలిపోతోంది. మేం ఫిర్యాదు చేయాలా? అమ్మకు కూడా రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. ఆమెకు ఇలాంటిది జరిగితే ఊపిరి విషయంలో మేం ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, ఆ టెక్నీషియన్ గొంతులోకి పైపు వేయకపోవడం పొరపాటు కాదని, ఆయన పాటించిన వరుస సరైనదేనని నా అభిప్రాయం. పాతికేళ్లుగా గొంతులోకి పైపులు వేయడమే పనిగా ఉన్న మత్తు డాక్టరుని కనుక, పైపు విలువను తగ్గించి చెప్పవలసిన అవసరం నాకు లేదు. కాని గుండె ఆగిన మనిషికి పైపు ఎప్పుడు మేలు చేస్తుందో, ఎప్పుడు అడ్డు వస్తుందో మీ ఇంట్లో అందరికీ తెలియడం అవసరమనిపించి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండెపోటులో రక్తనాళం మూసుకుపోయి గుండె కండరంలో కొంత భాగం దెబ్బతింటుంది గాని గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, మనిషి మాట్లాడుతూనే ఉంటాడు. గుండె ఆగిపోయినప్పుడు మాత్రం రక్తం ముందుకు కదలదు, కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది. మీ నాన్నగారికి రెండుసార్లు షాక్ ఇచ్చారంటే, ఆయన గుండె లయ తప్పి పురుగు కదిలినట్టు ఊరికే వణుకుతూ ఉండి ఉంటుంది. షాక్ ఇచ్చేది అలాంటి లయలకే గాని, గీత పూర్తిగా చదునైపోయిన గుండెకు కాదు. పేపరు చదువుతున్న మనిషి ఏ ఆయాసమూ లేకుండా ఉన్నపళాన ఒరిగిపోవడం కూడా ఇదే మాట చెబుతోంది. అంటే ఊపిరి ఆడక గుండె ఆగలేదు, గుండె ఆగడం వల్ల ఊపిరి ఆగింది. ఈ క్రమమే చికిత్స క్రమాన్ని నిర్ణయిస్తుంది.

ఎలాగంటే, ఆ క్షణం వరకు మామూలుగా ఊపిరి పీల్చుకుంటున్న మనిషి రక్తంలోనూ ఊపిరితిత్తుల్లోనూ ప్రాణవాయువు నిండుగానే ఉంటుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దవారి శరీరం నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ప్రాణవాయువును వాడుకుంటుంది. గుండె ఆగి రక్తం నిలిచిపోయాక ఆ ఉన్న నిల్వ ఉన్నచోటే ఉండిపోతుంది గాని మెదడుకు చేరదు. టాంకులో నీళ్లుండి మోటారు కాలిపోయిన ఇంటి పరిస్థితి అది. అప్పుడు చేయవలసింది టాంకులో మరిన్ని నీళ్లు పోయడం కాదు, ఉన్న నీటిని చేత్తోనైనా తోడి పంపడం. ఛాతీని ఎంత బాగా నొక్కినా రక్తప్రవాహం మామూలులో నాలుగో వంతు నుంచి మూడో వంతుకు మించదు. ఆ కాస్త ప్రవాహమూ నొక్కడం ఆపిన మరుక్షణం పడిపోతుంది. మళ్లీ మొదలుపెట్టాక ఆ ప్రవాహం పుంజుకోవడానికి ఎన్నోసార్లు వరసగా నొక్కవలసి వస్తుంది. అందువల్లనే మొదటి కొద్ది నిమిషాల్లో ఛాతీ నొక్కడానికి, షాక్‌కు ఉన్న ప్రాధాన్యం ఊపిరి గొట్టానికి లేదు. నొక్కడం గాని షాక్ గాని లేకుండా గడిచే ప్రతి నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం మేర తరిగిపోతుందని మా చదువులో మొదట నేర్పే లెక్క.

ఇక పైపు సంగతి. ఆపరేషన్ థియేటరులో నేను పైపు వేసేటప్పుడు రోగి బల్ల నా నడుము ఎత్తులో ఉంటుంది, కండరాలు సడలే మందు ఇచ్చి ఉంటాం, పొట్ట ఖాళీగా ఉంటుంది, వెలుతురు, గొంతులో చేరిన ద్రవాన్ని లాగేసే సక్షన్, పక్కన చెయ్యందించే నర్సు అన్నీ ఉంటాయి. గొంతు లోపలికి చూడటానికి వాడే ల్యారింగోస్కోప్ అనే పరికరంతో నాలుకను పక్కకు నెట్టి పైకి లేపితే, శ్వాసనాళానికి మూతలా ఉండే చిన్న రెమ్మ, దాని కింద తలకిందులైన ‘వి’ ఆకారంలో రెండు తెల్లటి స్వరతంతువులు కనిపిస్తాయి. వాటి మధ్య చూపుడు వేలంత సందు. పైపు వెళ్లవలసింది ఆ సందులోంచే. దాని వెనకనే అన్నవాహిక నోరు తెరుచుకుని ఉంటుంది. ఇప్పుడు అదే పనిని మీ వసారాలో, నేల మీద బోర్లా పడుకుని, మరొకరు నిమిషానికి వందకు పైగా ఛాతీ నొక్కుతుంటే అదే వేగంతో ఊగిపోయే తలలో, గొంతులో నీళ్లో వాంతో నిండి ఉండగా చేయడాన్ని ఊహించుకోండి. చూపు కుదరక ‘ఒక్క క్షణం నొక్కడం ఆపండి’ అంటాడు పైపు వేసేవాడు. ఆ ఒక్క క్షణమే ప్రమాదం. 2009లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశీలనలో, అంబులెన్సు సిబ్బంది పైపు వేసిన 100 మంది రోగుల రికార్డులను సెకన్ల లెక్కన చూశారు. పైపు కోసం మొదటిసారి నొక్కడం ఆపిన విరామమే మధ్యస్థంగా 46.5 సెకన్లు ఉంది, మొత్తం విరామాలు కలిపితే 109.5 సెకన్లు తేలాయి. అంత సేపు మెదడుకు చుక్క రక్తం అందదు.

నేను పీజీ చదివే రోజుల్లో నా చేతుల మీదుగానే ఇలాంటిది జరిగింది. రాత్రి డ్యూటీలో వార్డులో ఒకాయన గుండె ఆగితే పరుగెత్తుకుని వెళ్లి, పైపు వేయడమే నా బాధ్యత అన్నట్టు రెండుసార్లు ప్రయత్నించి విఫలమై మూడోసారికి సిద్ధమవుతున్నాను. నలుగురూ చేతులు కట్టుకుని నా వైపే చూస్తున్నారు. అప్పుడు నాకంటే పదిహేనేళ్లు పెద్దదైన నైట్ సిస్టర్ ‘డాక్టరుగారూ, ఛాతీ ఎవరూ నొక్కడం లేదు’ అంది. ఆ వాక్యంలో కోపమూ లేదు, ఎగతాళీ లేదు. ఆ తర్వాత ఎప్పుడు ల్యారింగోస్కోప్ చేతిలోకి తీసుకున్నా ఆ గొంతు వినబడుతూనే ఉంటుంది.

అలాగని గాలి గొట్టం తెరిచి ఉంచనక్కర్లేదని కాదు. స్పృహ లేని మనిషి వెల్లకిలా పడుకుంటే దవడ కండరాలు వదులై నాలుక వెనక్కి జారి గొంతును మూసేస్తుంది. నుదుటి మీద ఒక చెయ్యి, గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి తలను కాస్త వెనక్కి వంచి గడ్డం పైకెత్తితే నాలుక వెనక గోడను వదులుతుంది. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. ఆ తర్వాత మాస్కును ముక్కూ నోరూ కలిపి గట్టిగా పట్టి బ్యాగు నొక్కడం. 1950ల మధ్యలో డెన్మార్క్‌లో పుట్టిన ఈ అంబూ బ్యాగు చూడటానికి చాలా తేలికైన పనిముట్టు గాని, ఒక్కరే ఒక చేత్తో మాస్కు పట్టి రెండో చేత్తో బ్యాగు నొక్కడం తేలిక కాదు. గడ్డం ఉన్నవారికీ, పళ్లు లేక బుగ్గలు లోపలికి పోయినవారికీ పక్కల నుంచి గాలి పోతూ ఉంటుంది. ఇద్దరుంటే ఒకరు రెండు చేతులతో మాస్కు పట్టుకోవడం, రెండోవారు బ్యాగు నొక్కడం ఉత్తమం. పెద్దవారి బ్యాగులో దాదాపు లీటరున్నర గాలి పడుతుంది, కాని ఒక్కో ఊపిరికి కావలసింది అర లీటరు పైచిలుకే. కంగారులో బ్యాగును అట్టడుగు దాకా పిండితే మిగిలిన గాలి పొట్టలోకి పోతుంది, పొట్ట ఉబ్బి లోపల ఉన్నది పైకి తన్నుతుంది, అది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. మనకు అన్నం తింటుంటే పొలమారితే దగ్గు వస్తుంది. స్పృహ లేనివారికి ఆ దగ్గూ రాదు.

మీ నాన్నగారి నోట్లో అమర్చిన మెత్తటి సాధనం మాస్కుకూ పైపుకూ నడుమ ఉండేది. 1981లో లండన్‌లో ఆర్చీ బ్రెయిన్ అనే మత్తు వైద్యుడు తొలిసారి రోగికి వాడిన ల్యారింజియల్ మాస్కు ఈ జాతిలో మొదటిది. దాని తర్వాత వచ్చిన వాటిలో ఐ-జెల్ అనేది ఇప్పుడు మన ఆపరేషన్ థియేటర్లలోనూ బాగా కనిపిస్తుంది. మీరు మెత్తటిది అన్నారు కనుక మీరు చూసింది బహుశా అదే అయి ఉంటుంది. దానికి గాలి నింపే బుడగ ఉండదు, జెల్‌లాంటి పదార్థంతో చేసిన చివరి భాగం స్వరపేటిక మీద గిన్నె బోర్లించినట్టు కూర్చుంటుంది. శ్వాసనాళంలోకి దిగదు, దాని ముఖద్వారం మీదనే ఆగుతుంది. దీన్ని పెట్టడానికి గొంతు లోపలికి చూడనక్కర్లేదు, అన్నిటికంటే ముఖ్యంగా ఛాతీ నొక్కుతూ ఉండగానే పెట్టవచ్చు. అలవాటైన చేతికి కొన్ని సెకన్ల పని. ఇది గొంతును పైపులా బిగుతుగా మూయదు కనుక వాంతి జారే ప్రమాదం పూర్తిగా పోదు, బిగిసిన ఊపిరితిత్తులకు గాలి కొట్టవలసి వచ్చినప్పుడు పక్కలకు కారుతుంది. ఆ లోపాలు ఉన్నాయి.

పైపు మంచిదా, ఈ సాధనాలు మంచివా, ఉత్త బ్యాగు మాస్కు చాలునా అన్న వాదన మా వృత్తిలో దశాబ్దాల పాటు నడిచింది. 2018లో ఒకే ఏడాది మూడు పెద్ద పరిశోధనలు వెలువడ్డాయి. ఇంగ్లండ్‌లో ఆసుపత్రి బయట గుండె ఆగిన 9,296 మందిలో కొందరికి ఐ-జెల్, కొందరికి పైపు ఎంచుకుని చూస్తే, తమ పనులు తాము చేసుకోగలిగే స్థితిలో మిగిలినవారు ఐ-జెల్ వర్గంలో 6.4 శాతం, పైపు వర్గంలో 6.8 శాతం. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. అమెరికాలో 3,004 మంది మీద ల్యారింజియల్ ట్యూబ్ అనే మరో సాధనాన్ని పైపుతో పోల్చితే, 72 గంటలు బతికినవారు ఆ సాధనం వర్గంలో 18.3 శాతం, పైపు వర్గంలో 15.4 శాతం. ఫ్రాన్సు, బెల్జియంలలో అంబులెన్సులో డాక్టర్లే ఉంటారు. అక్కడ 2,043 మందిలో బ్యాగు మాస్కును పైపుతో పోల్చితే, మెదడు బాగుండి 28 రోజులు దాటినవారు 4.3, 4.2 శాతాలుగా దాదాపు సమానంగా వచ్చారు. అయితే వాంతి పైకి రావడం మాస్కు వర్గంలో 15.2 శాతం, పైపు వర్గంలో 7.5 శాతం. మాస్కు పైపుతో సమానమేనని ఆ పరిశోధన నిర్ధారణగా తేల్చలేకపోయింది కూడా. ఈ అంకెలన్నీ చూపిస్తున్నది ఒకటే. ఏ సాధనంతో ఊపిరి ఇచ్చినా ఫలితం పెద్దగా మారడం లేదు. బతికేవారి శాతాలు మొత్తం మీద అంత తక్కువగా ఉండటానికి కారణం గొంతులో ఉన్న వస్తువు కాదు, అది గొంతు దాకా చేరే లోపల గడిచిపోయిన నిమిషాలు.

ఆసుపత్రిలో పది నిమిషాల తర్వాత పైపు వేయడం గురించి కూడా అడిగారు. అమెరికా ఆసుపత్రుల్లో గుండె ఆగిన లక్షకు పైగా పెద్దవారి వివరాలను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి 15 నిమిషాల్లో పైపు వేసినవారిలో ఇంటికి వెళ్లినవారు 16.3 శాతం ఉండగా, అదే నిమిషంలో అప్పటికి వేయని, వారిని పోలిన రోగుల్లో 19.4 శాతం ఉన్నారు. పరిస్థితి విషమించినవారికే ముందుగా పైపు వేస్తారు కనుక ఈ తేడాకు పైపే కారణమని నేను అనను. కాని ‘ఎంత తొందరగా వేస్తే అంత మంచిది’ అన్న మాటకు ఇందులో బలం లేదన్నది మాత్రం స్పష్టం. మీ మేనత్త కూతురు చెప్పింది అబద్ధం కాదు, ఆమె పనిచేసే చోట చూసినది కావచ్చు. ఐదారుగురు శిక్షణ పొందినవారు చుట్టూ నిలబడి, ఛాతీ నొక్కడం ఆపకుండానే ఒకరు పైపు వేయగలిగిన చోట అది చక్కటి చికిత్సే. యూరప్ మార్గదర్శకాలు కూడా, రెండు ప్రయత్నాల్లో 95 శాతం సార్లు సఫలమయ్యే చేతులే పైపు వేయాలని, అందుకోసం నొక్కడం ఐదు సెకన్లకు మించి ఆపరాదని అంటున్నాయి. నెలకు ఒకటో రెండో పైపులు వేసే అవకాశం వచ్చే టెక్నీషియన్ ఆ పని జోలికి పోకపోవడం చేతకానితనం కాదు, తన చేతి పరిమితి తెలిసిన మనిషి చేసే పని.

పైపు వేశాక కూడా రెండు ప్రమాదాలుంటాయి. మొదటిది, అది శ్వాసనాళంలో కాక అన్నవాహికలోకి వెళ్లినా కొన్నిసార్లు ఛాతీ కదిలినట్టే కనబడుతుంది, స్టెతస్కోపుకు శబ్దం వినబడినట్టే ఉంటుంది. అందుకే బయటికి వచ్చే ఊపిరిలో బొగ్గుపులుసు వాయువును గీతగా చూపే క్యాప్నోగ్రాఫ్ తప్పనిసరి అంటున్నాం. గుండె ఆగిన మనిషిలోనైనా ఛాతీ సరిగ్గా నొక్కుతుంటే చిన్నదో పెద్దదో గీత వస్తుంది. అసలు రాకపోతే పైపు దారి తప్పిందని భావించి తీసేయవలసిందే. ఆ గీత ఒక్కసారిగా పైకి ఎగబాకితే గుండె మళ్లీ కొట్టుకోవడం మొదలైందనడానికి అది తొలి సూచన. రెండో ప్రమాదం అతి ఊపిరి. పైపు ఉన్నప్పుడు ఆరు సెకన్లకు ఒకటి, అంటే నిమిషానికి పది ఊపిరులు చాలు. 2004లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో లెక్కపెడితే, అనుభవం ఉన్న సిబ్బందే సగటున నిమిషానికి 30 ఊపిరులు కొడుతున్నారని తేలింది. ఛాతీ లోపల ఒత్తిడి అలా పెరిగితే గుండెకు తిరిగి రావలసిన రక్తం రాకుండా పోతుంది. చేతిలో బ్యాగు ఉన్న కంగారు మనిషి చెయ్యి ఊరుకోదు. ఇప్పటికీ మా థియేటరులో కొత్తవారికి బ్యాగు ఇచ్చి ‘పైకే లెక్కపెట్టు’ అని చెబుతూ ఉంటాను.

ఇక్కడిదాకా చెప్పినది ఉన్నపళాన కూలిపోయిన పెద్దవారి గురించి. ఊపిరి ఆడకనే గుండె ఆగే సందర్భాలు వేరే ఉన్నాయి, వాటిలో లెక్క తిరగబడుతుంది. కాలువలోనో బావిలోనో మునిగి తీసినవారికి, పసిపిల్లలకు, గొంతులో ముద్ద అడ్డుపడినవారికి ప్రాణవాయువు నిల్వ ముందే ఖర్చయిపోయి ఉంటుంది కనుక నోటితోనైనా ఊపిరి ఇవ్వడం అత్యవసరం. మన పొలాల్లో కట్లపాము, నాగుపాము కరిచినవారి సంగతి మరీ చెప్పుకోవాలి. ఆ విషం నరాలకూ కండరాలకూ మధ్య సంబంధం తెంపేస్తుంది, ముందు కనురెప్పలు వాలతాయి, తర్వాత మింగలేకపోతారు, చివరికి ఊపిరి కండరాలు చచ్చుబడతాయి. గుండెకు ఏ జబ్బూ ఉండదు, ఊపిరి లేకనే ఆగుతుంది. అలాంటివారికి ఊపిరి ఆగబోతున్నప్పుడే బ్యాగుతో గాలి అందిస్తూ ఆసుపత్రికి చేర్చితే, విరుగుడు మందు పనిచేసి చచ్చుబడిన కండరాలు తేరుకునేదాకా బతికించవచ్చు. పురుగుల మందు తాగినవారికీ ఊపిరి ముఖ్యమే గాని, వారి నోటికి నోరు పెట్టకూడదు.

ఇప్పుడు మీకు కష్టం కలిగించే మాట ఒకటి చెప్పాలి. మీ అమ్మగారి విషయంలో పనికివస్తుంది కనుక దాటవేయడం న్యాయం కాదు. నాన్నగారు తీసినట్టు మీకు కనిపించిన ఆ గురకలాంటి ఊపిరి నిజమైన ఊపిరి కాదు. మన పెద్దలు దాన్ని ఎగశ్వాస అంటారు. గుండె ఆగాక మెదడు కింది భాగం ప్రాణవాయువు కోసం చేసే చివరి ప్రయత్నం అది. దవడ తెరుచుకుంటుంది, చేపను ఒడ్డున పడేసినట్టు గాలి మింగుతారు, చాలా సేపు ఆగి మళ్లీ ఒకటి తీస్తారు. గుండె ఆగినవారిలో చాలామందికి మొదటి నిమిషాల్లో ఇది ఉంటుంది. దీన్ని చూసి ఊపిరి ఉందని భ్రమపడేవారు మీరొక్కరే కాదు, వైద్యం చదివినవారూ పొరబడతారు. పిలిస్తే పలకని మనిషి, మామూలుగా ఊపిరి తీయకపోతే, గుండె ఆగినట్టే లెక్క. నాడి కోసం వెతుకుతూ కూర్చోనక్కర్లేదు. ఆ పావుగంటలో ఛాతీ నొక్కి ఉంటే నాన్నగారు బతికేవారా అని మీరు తప్పక అడుగుతారు. అవకాశం కొంత పెరిగేది. బతికేవారని చెప్పగలవారు ఎవరూ లేరు.

అమ్మగారు పోసిన నీళ్ల వల్ల నాన్నగారు పోలేదు. అప్పటికే ఆయన గుండె ఆగి ఉంది. రెండు మూడు చెంచాల నీళ్లు చాలావరకు గొంతు వెనకనో బుగ్గలోనో నిలిచి ఉంటాయి, వాటిని ఏ టెక్నీషియనైనా సక్షన్‌తో తీసేస్తాడు. పోయే ప్రాణానికి నోట్లో తీర్థం పోయడం మన ఇళ్లలో ఉన్న ఆచారం, ఆమె చెయ్యి అటు వెళ్లడం సహజం. ఈ ముక్కలు ఆమెకు చదివి వినిపించండి. ఇకముందు మాత్రం స్పృహ లేనివారి నోట్లో నీళ్లు, సోడా, తేనె, నాలుక కింద పెట్టే మాత్ర ఏదీ వేయకండి. ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టడం వల్ల ఊపిరికి అపకారం లేకపోవచ్చు గాని, అందులో పోయే అర నిమిషమే అపకారం.

అమ్మగారికి అలా జరిగితే, ముందుగా ఆమెను మంచం మీద నుంచి నేల మీదికి దించండి. నవారు మంచం మీద ఎంత నొక్కినా మంచం కుంగుతుంది గాని ఛాతీ కుంగదు. ఒకరు 108కి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, ఫోనును పక్కనే నేల మీద ఉంచండి. రెండోవారు ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక కింది సగం మీద, ఒక అరచేతి మడమను (మణికట్టు దగ్గరి గట్టి భాగాన్ని) ఆనించి, దాని మీద రెండో చెయ్యి పెట్టి, మోచేతులు వంచకుండా, 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి కనుక మనుషులు మారుతూ ఉండాలి. పక్కటెముక విరిగిన చప్పుడు వినిపిస్తే భయపడి ఆపకండి, అది అతుక్కుంటుంది. శిక్షణ లేని సామాన్యుల కోసం మన దేశ మత్తు వైద్యుల సంఘం 2017లో విడుదల చేసిన పద్ధతిలో నోటితో ఊపిరి ఇవ్వడం అసలు లేదు, నొక్కడమే. మీరు శిక్షణ తీసుకుంటే 30 సార్లు నొక్కి రెండు ఊపిరులు ఇవ్వవచ్చు, ఆ రెండింటికీ కలిపి పది సెకన్లు దాటకూడదు. నోట్లో కంటికి కనబడే వక్కో తమలపాకు ముద్దో ఉంటే తీసేయండి, కనబడని దాని కోసం వేళ్లతో తడమకండి, అది ఇంకా లోపలికి పోతుంది. అమ్మగారికి కట్టుడు పళ్లు ఉంటే, వదులుగా ఉన్నవి తీసేయండి, బిగువుగా ఉన్నవి ఉంచేయండి. మాస్కు పట్టేవారికి బుగ్గలు నిండుగా ఉంటేనే వీలు, పైపు వేసేటప్పుడు ఆసుపత్రిలో వాళ్లే తీస్తారు. మీ ఊళ్లో గాని దగ్గరి పట్టణంలో గాని ఈ శిక్షణ ఇచ్చే ఆసుపత్రి ఉంటే ఇంట్లో కనీసం ఇద్దరు వెళ్లి బొమ్మ మీద నొక్కి చూడండి. ఎంత బలం కావాలో చదివితే తెలియదు.

ఫిర్యాదు విషయానికి వస్తే, పైపు ఆలస్యం అన్న కారణం మీద ఫిర్యాదు చేయమని నేను చెప్పలేను. కాని ఏం జరిగిందో తెలుసుకునే హక్కు మీకు ఉంది. కేస్ షీట్ నకలు కావాలని ఆసుపత్రికి రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నియమావళి చెబుతోంది. అంబులెన్సులో రాసే రోగి నివేదిక నకలు కూడా దానికి జత చేసి ఉందేమో చూడండి. చేతికి వచ్చాక, పైపు వేసిన సమయం కంటే ముందు మూడు విషయాలు వెతకండి: అంబులెన్సు ఇంటికి చేరిన ఎన్ని నిమిషాలకు మొదటి షాక్ పడింది, ఆసుపత్రికి తీసుకెళ్లే దారి పొడవునా ఛాతీ నొక్కుతూనే ఉన్నారా, పైపు వేశాక క్యాప్నోగ్రాఫ్ అంకె ఎక్కడైనా నమోదు చేశారా. మూడోది ఖాళీగా ఉంటే అది అడగదగ్గ ప్రశ్నే. కాగితాలు దొరికాక ఆ మూడూ రాసి పంపితే, చూసి మళ్లీ జవాబిస్తాను.